నీలంటోపీ హవల్దారు కొన్న కారు

తవిటినాయుడని ఒకడున్నాడు. మిలట్రీలో హవల్దారు. మనిసి ఆరడుగులు, మీసం అరడుగు, మాట మట్టుకు ఇక్కణ్ణించి పాలకొండ దాకా. సెలవుకొచ్చేడంటే ఊర్లో ఇంకోడికి నోరు తెరిసే వొంతు రాదు, అనుకో. ఈడి పెళ్ళాం నీలవేణి. ఆ పిల్లకో అక్క, ఆ అక్క మొగుడు గౌరీసు, అత్తోరింట్లోనే కాపరం. గౌరీసుకి బొలేరో బండుంది, అదీ ఆడి గీర. ఏమైందంటే, ఒకపాలి సుట్టాల పెళ్ళికెళ్తా గౌరీసు తన పెళ్ళాన్ని ముందు సీట్లో కూకోబెట్టీసి, నీలవేణినీ తవిటినాయుణ్ణీ ఎనకాల బియ్యం బస్తాల మీద ఎక్కించాడంట. ఎక్కించినోడు ఊరుకున్నాడా? "గట్టిగా పట్టుకో తమ్ముడూ, మిలట్రీవోడివి, పడిపోతే దేశానికి నష్టం" అన్నాడంట. అందరూ నవ్వీసారు. ఈడూ నవ్వీసాడు, సిగ్గులేనోడు. నీలవేణి నవ్వలేదు. ఇంటికొచ్చాక సెప్పీసింది, "సొంత కార్లో అయితేనే మల్లీ మా కన్నోరి గుమ్మం తొక్కుతాను, లేకపోతే మా అమ్మ మొకం కూడా సూడను" అని. అమ్మంటే పేణం ఆ పిల్లకి. అలగన్నాదంటే ఎంత మండిందో సూసుకోండి. ఈడేటన్నాడు? "ఓస్ అదెంతే! ఈసారి సెలవుకి కార్లోనే దిగుతాను" అనీసాడు. అనడానికేటి, ఖర్చా?

సరే, ఆ ఏడే ఈణ్ణి పైదేశం పంపీసారు. శాంతిసేనంట. అక్కడి జనం ఒకర్నొకరు కొట్టుకుంటంటే, మనోళ్ళూ, ఇంకా నాలుగు దేశాలోళ్ళూ నీలం టోపీలు పెట్టుకుని మజ్జిని నిలబడాల. అదీ ఉద్యోగం. అక్కడ పాత కార్లు సవకంట. ఒక ఎర్రకారు సూసీసరికి ఈడికి నీలవేణి గేపకమొచ్చిందో, గౌరీసు మొకమే కళ్ళ ముందు ఆడిందో, కొనీసాడు. ఇక్కడో తిరకాసుంది, ఇనండి. ఆ కేంపులో సిపాయన్నోడెవుడూ సొంత బండి కొనకూడదు. కొన్నట్టు తెలిసిందా, పెట్టె సర్దించి ఇంటికి తోలీస్తారు, రావాల్సిన సుబేదారు రేంకు ఇంక మర్సిపోవడమే. ఈడికి తెల్దేటి? తెల్సు. తెలిసే కొన్నాడు. కొని, అక్కడి ఊర్లో ఒక మెకానిక్కు షెడ్డులో దాసీసి, ఓడ మీద విశాకపట్నం పంపడానికి మాటాడీసి, ఇంటికి ఫోను సేసాడు. "కొనీసానే! మీ బావకి సెప్పు" అన్నాడంట. మీ అమ్మకి సెప్పు అనలేదు, సూడండి.

ఇంక పట్టుకుంది బయిం. ఏటి బయిం? దిష్టి బయిం. ఎవుడి దిష్టి? సముద్రం అవతలున్న గౌరీసు దిష్టి! ఎర్రిమొకం ఏం సేసాడంటే, నల్లగుడ్డలో రాళ్ళుప్పు, పటికముక్క, ఇంటికాణ్ణించి తెచ్చుకున్న ఎండుమిరపకాయలు దోసెడు ఏసి మూటకట్టీసి, తాడు దొరక్క కరెంటు తీగతో బిగించి, బంపరు కిందన ఏలాడదీసాడు. మనూర్లో ఆటోకీ కడతారు, లారీకీ కడతారు. మనం సూస్తే దిష్టిమూటంటాం. అక్కడోళ్ళకేటి తెలుస్తాది?

ఓడెక్కించే రోజున తిన్నగా రేవుకి పోవొచ్చు గదా? పోడు. కేంపు గేటు కాడ, కారు పక్కని, యూనిఫారంలో ఫోటో కావాలంట బాబుకి. ఎవుడైనా అడిగితే ఊరోడి కారని సెప్పీవొచ్చులే అనుకున్నాడు. కారు గేటుకి ఎడంగా ఆపీసి, ఇస్త్రీబట్టలు ఏసుకోడానికి లోనకెళ్ళాడు. మీసానికి నూని రాస్తన్నాడు, అప్పుడు కూసింది సైరను. ఏమైందంటే, ఆ పూట గేటు కాపలా ఏరే దేశమోళ్ళది. కర్రకి కట్టిన అద్దంతో బండి కింద సూసారు. నల్లమూట. తీగ. బండి తాలూకు మనిసి లేడు. ఇంకేటి, బాంబే! కేంపు కేంపంతా కందకంలో పడీసారు. ఈడూ దూకాడు, ఒకపక్క మీసానికే నూనితో. దూకి, "తలకాయలు దించండ్రా! ఎవుడిదిరా ఆ బండి, బుద్దిలేనెదవ!" అని కేకలు. పక్కన మన సీతంపేట లచ్చన్న ఉన్నాడు, ఈడి జట్టోడే. "నాయుడూ, ఎర్రకారు" అన్నాడంట. "ఆఁ?" "నీదేరా."

అప్పుడు తలెత్తి సూసాడు. లెగిసి "అది ఉప్పురా బావూ, మిరపకాయల్రా" అని ఒక్క మాటంటే కారు మిగిలిపోద్ది, రేంకు పోద్ది. అనకపోతే రేంకు మిగుల్తాది, నీలవేణి కన్నోరిల్లు పోద్ది. "సెప్పరా, సెప్పీరా" అని లచ్చన్న మోసేత్తో పొడుస్తన్నాడు. ఈడు నోరు తెరిసాడు. మూసీసాడు. మల్లీ తెరిసాడు, మల్లీ మూసీసాడు. పుట్టి బుద్దెరిగాక ఆ నోరు మూతపడ్డం అదే మొదలు. ఈలోగా, అనుమానమున్న మూటల్ని మనిసి దగ్గరకెళ్ళకుండా పేల్చీసే బొమ్మబండి లాంటిదొకటి దొర్లుకుంటా ఎల్లి ఆ కారు కింద దూరింది. ఢాం! ఎర్రకారు లెగిసి పడింది. ఎనకాలే వొచ్చినాది ఘాటు. దోసెడు మిరపకాయలు గదా! ఆ దేశపోడూ ఈ దేశపోడూ అని లేదు, కందకమంతా తుమ్ములే తుమ్ములు. పెద్దాఫీసరు ముక్కు తుడుసుకుంటా, ఇదేదో కొత్తరకం బాంబురా అన్నాడంట. ఈడు మట్టుకు ఏడుస్తన్నాడు. ఘాటుకనుకున్నారు అందరూ.

ఆ కారెవుడిదో లచ్చన్న తప్ప ఎవుడూ కనిపెట్టలేదు. ఈడు ఇంటికి ఫోను సేసి ఓడ మునిగిపోనాదని సెప్పీసాడు. నీలవేణి నమ్మింది, పాపం, ఓడలో ఉన్నోళ్ళు బతికారా అనడిగింది కూడా. లచ్చన్న ముందు సెలవుకొచ్చి నీలవేణి కాడ ఉన్నదంతా కక్కీసాడు. తరవాత ఈడు దిగాడు. నీలవేణి సెంబుతో నీళ్ళిచ్చి అడిగింది.

"నువ్వు నోరిప్పుంటే కారు మిగిలేదా?"

"మిగిలేది."

"రేంకు?"

"పోయేది."

"మరైతే ఊరుకున్నావు, మంచిపనే సేసావు. నాకాడ ఓడెందుకు ముంచావు?"

ఈడు సెంబెత్తి నీళ్ళు తాగీసాడు. ఆ పిల్ల ఇంక కారూ వొద్దు, ఒట్టూ వొద్దని మర్నాడు పొద్దున్నే సంచి సంకనేసుకుని బస్సెక్కీసింది, కన్నోరింటికి. అమ్మని పట్టుకుని ఏడిసి, లెగిసీసరికి అరుగు మీద గౌరీసు. "ఏటి మరదలా, కారేదీ?" అన్నాడంట ఎటకారంగా. "పేలిపోనాది బావా" అన్నాదంట. "ఉప్పుమూటకి పేలిపోనాది. మాది నిజంగా కారే, మా మగోడే ఎదవ. నువ్వూ అలాటోడివే, నీకు బండొకటుంది, అంతే తేడా." గౌరీసు అరుగు దిగి పెరట్లోకి ఎల్లిపోనాడంట.

తవిటినాయుడికి సుబేదారు రేంకొచ్చింది, రాకేం. ఇప్పుడు పింఛను తింటా, ఏ పెళ్ళిలో సూసినా కుర్రోళ్ళని సుట్టూ కూకోబెట్టుకుని, "నా కళ్ళెదురుగా బాంబు పేలిందిరా, ఇంత కూడా కదల్లేదు నేను" అంటాడు. నిజమే గదేటి మరి. కదల్లేదు.