చాలనేవాళ్ళు

ఫిన్లాండ్‌లోని కెమియార్వి ఊరి ప్రసూతి క్లినిక్‌లో, మూడో నెల గర్భిణి సైలా తన మద్యం అలవాటు గురించి నింపిచ్చిన కాగితాన్ని పెద్ద నర్సు కళ్ళజోడు సర్దుకుని చదువుతోంది.

"శనివారాలు మాత్రమే అని రాశావమ్మా."

"ఆవిరిస్నానం చేసొచ్చాక బీరు తాగుతాంగా. అందరిలాగే."

"ఒకటేనా?"

"అమ్మ ఉన్నప్పుడు ఒకటే."

"ఇప్పుడో?"

"ఇప్పుడు చాలనేవాళ్ళు లేరు. ఎన్నో నాకే తెలీదు."

"బిడ్డ తండ్రి?"

"ఓడ మీద పనిలో ఉన్నాడు. అతనికింకా చెప్పలేదు."

"కడుపుతో ఉన్నప్పుడు ఒక్కటి కూడా వద్దు. తెలుసుగా?"

"తెలుసు. సీసా మూత తీసేటప్పుడు కూడా తెలుసు."

"ఆఖరి ప్రశ్న. నీ తాగుడు చూసి ఎవరైనా కంగారుపడ్డారా అంటే, లేదని పెట్టావు."

"పడటానికి ఎవరున్నారండీ?"

నర్సు కాగితాన్ని సైలా ముందుకు జరిపి, పెన్ను చేతికిచ్చింది.

"అది కొట్టేసి, అవునని పెట్టు."