తలంబ్రాల ఒట్టు

ఇగో, మళ్లీ అదే మాట. "మనసులో ఎవరన్నా ఉన్నరా?" మీతో కలిపి ఏడుగురు అడిగిన్రు వీరబాబు గారూ. పెళ్లిచూపులకొచ్చేటోళ్లకు ఇదొక్కటే నేర్పి పంపుతరా ఏంది?

లేరండీ. ఉండరు గూడ. అది చెప్దామనే మిమ్మల్ని ఈ మిర్చి కల్లం దాకా తీసుకొచ్చిన. లోపల మా అమ్మ చెవులు తలుపుకే ఉంటయి.

నాకు మగాడి మీద ఆ ఇష్టం పుట్టదు. ఆడోళ్ల మీద గూడ పుట్టదు, మీరు అటు ఆలోచించకండి. ముప్పై ఏళ్లొచ్చినయి, ఒక్కసారి పుట్టలే. దానికి ఇంగ్లీషుల పేరున్నది, ఏరోమాంటిక్ అంటరు. ఫోన్ల చదివిన రోజు ఎంత ఏడ్చిననో, నాలాంటోళ్లు ఇంకా ఉన్నరు గదా అని.

తెలుగుల ఏమని చెప్పాలె? ప్రేమ పుట్టదమ్మా అంటే, "మరి నా మీద?" అని మా అమ్మ రెండు పూటలు అన్నం తినలే. ఆదినారాయణ మామయ్య మొండిది అన్నడు. అత్తమ్మ రాయి అన్నది. ఏటా నవమి కాంగనే అమ్మ భద్రాచలం తలంబ్రాలు తెప్పించి నా నెత్తిన పోస్తది, పెళ్లి కుదురుతదని.

నిరుడేం చేసిన్రో తెల్సా? జంపయ్య సారూ నేనూ ఒకటే బడిల పంతుళ్లం, అడవి అవతల. ఒకటే బస్సు, ఒకటే టిఫిన్ డబ్బా. నవ్వుకుంటం, కొట్లాడుకుంటం. అదే ప్రేమ అనుకున్నరు మావోళ్లు. వాళ్లూరు పోయి, ఆయన భార్య నాగలక్ష్మి ముంగట, అవే తలంబ్రాలు ఆయన చేతుల పోసి ఒట్టేయించిన్రు, నా పెళ్లయ్యేదాకా మళ్లీ నా పక్కన కూర్చోనని.

ఆయన నిలబెట్టుకున్నడండీ ఒట్టు. ఇప్పుడు బస్సుల ముంగట సీట్ల కూర్చుంటడు. "నమస్తే మేడం" అంటడు. తొమ్మిదేళ్ల స్నేహం. దానికి నేను ఏడిస్తే, "చూసినవా, ప్రేమే" అన్నరు.

అందుకే అడుగుతున్న. పిల్ల నచ్చలేదని మీరే చెప్పండి. నల్లగున్నదనండి, ఏదన్న అనండి. నేను వద్దంటే మళ్లీ జంపయ్య సారు ఇంటి మీదికే పోతరు.

నవ్వుతున్నరేంది?

పెళ్లయినంక ప్రేమ అదే వస్తదంటరా. మీరు గూడ అంతేనా.

సరే. ఆ కాయలు ముట్టిన చేత్తో కండ్లు తుడ్చుకునేరు, మండుతయి. లోపలికి పదండి, పిల్లకు ఇష్టమే అని చెప్పండి. నా పెళ్లయితే ఆయనకు ఒట్టు తీరుతది, పక్క సీట్ల కూర్చోవచ్చు.

మీది బోనకల్ గదా, పెళ్లయితే నేనూ ఆడనే ఉండాలె. ఆ బస్సు అటు రాదు.