ఒక్క గుక్క పాలు

మండిబజార్‌లో ఖాజీ ఇంతియాజుద్దీన్ నిఖాలు రాసే గది. మంగళవారం పొద్దున. బల్లకు ఇవతల ఖాజీ, అవతల వాళ్ల ఇంట్లో పనిచేసే యాకమ్మ.

"మళ్లొక్కసారి చెప్పు యాకమ్మా. జర నిమ్మళంగ చెప్పు."

"మళ్లెందుకు సాబూ? చెప్పిన గదా. మీ బిడ్డ తస్నీంకూ నేనే పాలిచ్చిన. మీ అక్క కొడుకు షాదాబుకూ నేనే పాలిచ్చిన. ఇద్దరు ఒక్క తల్లి పాలు తాగినోళ్లు, అన్నాచెల్లెండ్లయితరు. శుక్రారం వాళ్లకు నిఖా చేస్తే మీ ధర్మంల పాపం. రాసుకోండ్రి."

"పాపమని నీకెవలు చెప్పిండ్రు?"

"ఇరవై ఆరేండ్ల సంది మీ ఇంట్ల బోళ్లు తోముతాన్న. గంత తెల్వదా?"

"బోళ్లు తోమితే షరియత్ వస్తదా?"

"మీ కాడికి వచ్చేటోళ్లు మెల్లగ మాట్లాడుతరా ఏంది? నేను కిటికీ అవతలనే బట్టలు పిండుత. మొన్న ఒకడు వచ్చిండు సూడుండ్రి, పెండ్లానికి వాట్సాపుల మూడుసార్లు తలాక్ అని పెట్టి, మళ్ల భయమై డిలీట్ కొట్టినోడు. ఆమె సూడకముందే తీసేసిన, చెల్లుతదా చెల్లదా అని మిమ్మల్ని అడుగుతాండు."

"వాని ముచ్చట ఇప్పుడెందుకు?"

"మీరేమన్నరు? 'సర్కారు కాడ జైలు, అల్లా కాడ జవాబు, నా కాడ రెండు చెంపదెబ్బలు, ఏది ముందు కావాలె' అన్నరు. పిండే బట్ట ఇడిచిపెట్టి నవ్విన."

"నవ్వింది చాలు. శుక్రారం నా బిడ్డ నిఖా. నాలుగు వందల మందికి దావత్ చెప్పిన. నువ్వు ఇయ్యాల వచ్చి పాలు అంటానవ్. ఇన్నేండ్లు ఏం జేసినవ్?"

"యాదికి రాలే."

"పాలిచ్చింది యాదికి రాలేదా?"

"ఇచ్చేటోళ్లకు యాదుంటదా సాబూ? తాగినోళ్లు యాదుంచుకోవాలె."

"సరే. తస్నీం సంగతి నాకెరుకే. దాని అమ్మ కాన్పుల పోయినప్పుడు దానికి పాణం పోసింది నువ్వే. నీ శేఖరూ నా బిడ్డా చెరొక పక్క. అది నేను నా కండ్లతోని సూసిన..."

"మీరు సూడలే. మీరు గోడ దిక్కు తిరిగి కూసున్నరు. నెల రోజులు."

"నాకెరుక అంటాన్న గదా. షాదాబు సంగతి చెప్పు. వాడు తస్నీం కన్న నాలుగేండ్లు పెద్ద. తస్నీం నీ ఒళ్లె ఉన్ననాడు వాడు నిక్కరేసుకొని బడికి పోతుండె."

"అయితేంది? బడికి పోయేటోళ్లు తాగరా? మా ఇంటాయన అయిదేండ్ల దాక తాగిండట. పలక పట్టుకొని ఇంటికొచ్చి, తాగి, మళ్ల బడికి పోయేటోడట."

"అందుకే ఏ పనీ చేతకాకుంట అయిండు."

"మీరే అన్నరు, నేనన్లే."

"యాకమ్మా, రెండేండ్ల లోపల తాగితేనే లెక్క. మా దాంట్ల అట్లున్నది. ఆ ఈడు దాటినంక కుండెడు తాగినా తల్లి కాదు, కొడుకు కాదు."

"రెండేండ్లేనా? అయితే... అయితే శేఖరు పాలు కాదు సాబూ. నా పెద్దబిడ్డ వినోద పాలు. వినోదా షాదాబూ ఒక్క ఈడోళ్లే."

"అహా. వినోద ఎక్కడ పుట్టింది?"

"నర్సంపేటల. మా అమ్మగారింట్ల."

"మీరు నర్సంపేట ఇడిచి మా గల్లీకి ఎప్పుడొచ్చిండ్రు?"

"వచ్చినం... ఎప్పుడో వచ్చినం."

"శేఖరు కడుపుల ఉన్నప్పుడు వచ్చిండ్రు. నీ మొగనికి మిర్చి మార్కెట్ల హమాలీ పని దొరికినప్పుడు. అర్ర ఇప్పిచ్చింది నేనే. అంటే, షాదాబు పాలు తాగే ఈడుల నువ్వు నర్సంపేటల, వాడు కాజీపేటల. నడిమిట్ల యాభై కిలోమీటర్లు. పైపు ఏసినవా?"

"మీరు వకీలు కావలసినోళ్లు సాబూ."

"ఎన్నిసార్లు ఇచ్చినవ్ వానికి?"

"ఎన్నిసార్లంటే?"

"కొందరు ఆలిములు, మా దాంట్ల బాగ సదువుకున్నోళ్లు, అయిదుసార్లు కడుపునిండ తాగాలె అంటరు. మా హనఫీలల్ల ఒక్క గుక్క లోపలికి పోయినా చాలంటరు. ఇప్పుడు పెద్ద దవాఖానలల్ల పాల బ్యాంకులు గూడ వచ్చినయ్. ఎవలి పాలు ఎవలు తాగుతాండ్రో తెల్వది. మేమందరం తలకాయలు పట్టుకొని కూసున్నం."

"ఇంకేంది, ఊరంత అన్నాచెల్లెండ్లే. మున్ముందు పెండ్లి సంబంధాలకు పాలసీసాలు తెచ్చి సూపెట్టాలె."

"నవ్వకు. నువ్వు ఎన్నిసార్లు ఇచ్చినవ్?"

"ఎన్నిసార్లయితే పెండ్లి ఆగుతది?"

"యాకమ్మా!"

"గన్నిసార్లు ఇచ్చిన. రాసుకోండ్రి."

"అబద్ధం. అంతా అబద్ధం. నా ముంగట కూసొని, అల్లా పేరు మీద..."

"నేను అల్లా పేరు తీయలే. అన్నారం దర్గా యాకూబు బాబా మీద గూడ ఒట్టేయలే. ఆయన పేరు పెట్టుకొని ఆయన మీదనే దొంగ ఒట్టు ఏస్తనా? ఉత్తగ చెప్పిన. ఉత్త అబద్ధం వేరు, ఒట్టు అబద్ధం వేరు."

"నీదొక కొత్త షరియత్."

"మీ కిటికీ కాడ నేర్సుకున్నదే."

"నా బిడ్డనే గదా నిన్ను పంపింది?"

"బిడ్డ పేరెందుకు తీస్తరు?"

"పంపిందా లేదా?"

"చాయ్ తాగుతరా? అల్లం దంచి పెట్టుకొస్త."

"కూసో. తస్నీంకు ఈ పెండ్లి ఇష్టం లేదా?"

"ఇప్పుడా అడుగుడు? నాలుగు వందల మందిని పిలిచినంక?"

"అది నాతోని ఒక్క మాట అన్లే."

"మూడుసార్లు అన్నది సాబూ. మొదటిసారి అంటే మీరు బీపీ గోలీ ఏసుకున్నరు. రెండోసారి అంటే దాని అమ్మ చీరెల పెట్టె దిక్కు సూసుకుంట కూసున్నరు. మూడోసారి నోరు తెరిస్తే నమాజుకు లేసి పోయిండ్రు. యాళ్ల గూడ కాలే. అజాన్ ఇంక ఇయ్యనే లేదు."

"తర్వాత?"

"తర్వాత సప్పుడు చేయలే. మీరు 'సిగ్గుపడ్డది, ఒప్పుకున్నది' అని మీ అక్కకు ఫోన్ చేసిండ్రు."

"కన్నెపిల్ల సప్పుడు చేయకుంటే ఒప్పుకున్నట్టే అని... మా కితాబులల్ల ఉన్నది."

"అది సిగ్గుపడే పిల్లలకు రాసిన మాట గద సాబూ. మీ బిడ్డ హన్మకొండల పండ్ల డాక్టరు. రోజుకు ఇరవై మందిని నోరు తెరువు, ఇంక పెద్దగ తెరువు అంటది. మీ ముంగటికి వచ్చేసరికి దాని నోరే మూసుకపోతాంది. అది సిగ్గా?"

"ఈ మాట నువ్వు నాకు చెప్తానవా? ఊరంతకు చెప్పేటోన్ని నేను. పోయిన నెల రంగశాయిపేట పిల్ల వచ్చి ఏడిస్తే, దాని తండ్రిని గిదే కుర్సీల కూసోబెట్టి ఏమన్న? 'పిల్ల వద్దంటే నిఖా లేదు. నన్ను అడగకుంట మా నాయిన పెండ్లి చేసిండు అని ఒక ఆడిమనిషి వచ్చి చెప్పుకుంటే, ప్రవక్తనే ఆ పెండ్లిని కొట్టేసిండు. నువ్వెంత' అన్న. వాడు తలకాయ దించుకొని పోయిండు."

"ఇన్న. బట్ట ఝాడిచ్చుకుంట ఇన్న."

"నిఖానామల 'పిల్ల నౌకరి మాన్పియ్యొద్దు' అని షర్తు రాస్తాంటే పెండ్లికొడుకు తాత నా మీదికి లేసిండు. 'షర్తులు రాసుకునుడు మాకు ఎప్పటిసందో ఉన్నది తాతా, మీరే సదువలే' అన్న."

"ఆ తాతకు మంచినీళ్లిచ్చింది నేనే. రెండు గిలాసలు తాగిండు పాపం."

"మరి?"

"మరేంది? కిటికీ ఇవతల చెప్పింది అవతల గూడ చెల్లాలె గద. మీ అక్కకు ఫోన్ చేసి 'నా బిడ్డకు ఇష్టం లేదు' అనుండ్రి. నా పాలెందుకు నడిమిట్ల?"

"యాకమ్మా, నీకు తెల్వంది కాదు. తస్నీం అమ్మ పోయిననాడు నేను మనిషి లెక్కున్ననా? మా అక్క, ఆపా వచ్చింది. నాలుగేండ్ల పిలగాన్ని సంకనేసుకొని కాజీపేట నుంచి రోజూ వచ్చింది. నాకు అన్నం కలిపి నోట్లె పెట్టింది. మళ్ల పెండ్లి చేసుకో అని అందరు మీద పడితే, 'మా తమ్మున్ని ఇడిచిపెట్టుండ్రి' అని ఆమెనే అడ్డం నిలవడ్డది. అప్పుడే అన్నది, 'ఇంతియాజ్, ఈ పిల్ల నా కోడలు' అని. నేను సరే అన్న. ఇప్పుడు ఆ మొకం సూసుకుంట, నీ కొడుకు నా బిడ్డకు వద్దు అని ఎట్ల చెప్పాలె?"

"నోటితోని."

"నీకు ఎగతాళి."

"ఊరికి మీరు ఖాజీ. మీకొక ఖాజీ కావాల్నా?"

"ఆపా ముంగట నేను ఖాజీని కాదు. ఆరేండ్ల పిలగాన్ని."

"అయితే మీకు గూడ ఈడు రాలే. మీరు ఇచ్చిన మాట గూడ చెల్లది."

"షాదాబు చెడ్డోడు కాదు యాకమ్మా."

"చెడ్డోడని ఎవలన్నరు? రైల్వేల నౌకరి, సిగరెట్ గూడ తాగడు. కాని ఇద్దరు ఒక్క కంచంల తిని, ఒక్క సైకిల్ కోసం జుట్లు పట్టుకున్నోళ్లు. 'వాని మొకం సూస్తే నాకు అన్న మొకమే కొడతాంది యాకమ్మా, ఆ మొకం పక్కన ఎట్ల పండుకోవాలె' అన్నది మీ బిడ్డ. నాతోని అన్నది. మీతోని అంటదా?"

"అన్న మొకమన్నదా?"

"ఏమాలోచిస్తాన్నరు?"

"అంటే... నువ్వు చెప్పింది పూర్తిగ అబద్ధం గూడ కాదన్నట్టు."

"ఏమన్నరు?"

"ఏమన్లే. తలుపు దగ్గరికెయ్యి."

"తలుపెందుకు సాబూ?"

"వెయ్యి అంటాన్న. ఇగ ఇను. నువ్వు చెప్పిన ముచ్చటల మూడు బొక్కలున్నయ్. మా ఆపా రైల్వే గార్డు పెండ్లాం. బండ్ల టైములన్నీ నెత్తిల ఉంటయ్. ఆమె ముంగట నిమిషంల దొరికిపోతవ్."

"ఆమె ముంగటనా?"

"నర్సంపేట మాటనే ఎత్తకు. షాదాబు పుట్టిన ఏడు ఆపా మొక్కు తీర్సుకునేటందుకు అన్నారం దర్గాకు పోయింది. నేనూ పోయిన. పొట్టేలును కోసి కందూరు దావత్ చేసినం. ఆ ఉర్సు జాతరకు మీరు గూడ వచ్చేటోళ్లు గదా?"

"ఏటేటా. ఆ ఏడు వినోదను గూడ ఎత్తుకపోయినం."

"చాలు. దేవుడే కలిపిండు. ఆపా పొయ్యి కాడ ఉన్నది. పిలగాడు చెట్టు కింద చాప మీద గుక్కపట్టి ఏడుస్తాండు. నువ్వు పక్కనే వినోదకు పాలిస్తానవ్. పాపమని ఎత్తుకొని..."

"ఎవలి పిలగాడో తెల్వకనే?"

"తెల్వకనే. అదే బలం. మా గల్లీకి వచ్చినంక, ఏండ్లకు, వాని మెడ మీద పుట్టుమచ్చ సూసి గుర్తుపట్టినవ్."

"వాని మెడ మీద పుట్టుమచ్చ ఉన్నదా?"

"ఉన్నది. కాలరు కింద."

"సాబూ, మీరు నా కన్న బాగ ఆడుతాన్నరు."

"ఎన్నిసార్లు అని అడిగితే ఒక్కసారే అను. ఎక్కువ చెప్తే నమ్మరు. ఒక్క గుక్క చాలు మాకు."

"కాయితం మీద రాస్తరా?"

"రాయ. నా చేతితోని అబద్ధం రాయ. ఖాజీ లెక్క ఇనలే, తమ్ముని లెక్క ఇన్న. నువ్వు ఆపాకు చెప్తవ్. ఆపా 'తౌబా తౌబా' అని ఆమెనే ఆపుతది. నేను నోరు తెరిచేదే లేదు. నేను అబద్ధమాడినట్టు గాదు."

"ఉత్త అబద్ధం ఒకటి, ఒట్టు అబద్ధం ఒకటి. ఇది మూడో తీరు. పక్కోళ్ల నోటితోని ఆడేది."

"అల్లా నా గుండెల ఏమున్నదో సూస్తడు."

"సూడనియ్యుండ్రి. ఆయనకన్న కనపడుతదేమో. మీ బిడ్డకైతే ఇన్నొద్దులు కనపడలే."

"యాకమ్మా, నీ కాళ్లు మొక్కుత. నువ్వే దానికి తల్లివి. ఈ ఒక్క పని చెయ్యి. ఆపాకు ఫోన్ కలుపుతాన్న, స్పీకర్ల పెడ్త."

"వద్దు సాబూ."

"భయమా?"

"భయం కాదు."

"మరెందుకు నవ్వుతానవ్? రింగ్ అయితాంది, జర గొంతు సవరిచ్చుకో. చెట్టు, చాప, ఒక్క గుక్క. మర్సిపోకు."

"కట్ చెయ్యుండ్రి. షాదాబు సికింద్రాబాదుల తనతోని పనిచేసే పిల్లను సూస్కున్నడట. 'ఒంటిగ పెంచుకున్న బిడ్డను ఇప్పుడు కాదంటే మా తమ్ముడు గుండె పగిలి సస్తడు, నా నోటితోని నేను చెప్పలేను' అని పొద్దుగాలనే నా చేతులు పట్టుకొని ఏడ్సి, ఈ పాల ముచ్చట నేర్పి నన్ను మీ కాడికి పంపింది మీ అక్కనే."