పదును చూసే వేలు

ముప్పై ఏళ్ళు క్యాంటీన్లో కూరగాయలు తరిగిన పిన్ని, నెల రోజులుగా ఎడమచేతి చూపుడువేలికి కట్టుతో ఇంట్లోనే ఉంటోంది. ఆమె చేతికింద పని నేర్చుకుని, ఇప్పుడు ఆమె చోట నిలబడ్డ అమ్మాయి, అందరూ తొందర అని పిలిచే మనిషి, మధ్యాహ్నం డ్యూటీ దిగి తిన్నగా ఇక్కడికే వచ్చింది. ఒళ్ళోని సంచి మాత్రం కింద పెట్టలేదు.

"పళ్ళెందుకు తెచ్చావే, నేనేమన్నా బాలింతనా?"

"ఊరికే, పిన్నీ."

"ఊరికే వచ్చేదానివైతే గుమ్మంలోనించే పలకరించి పోయేదానివి. నీకు తొందర అని పేరు పెట్టిందే నేను. ముందు టీ తాగు."

"అబ్బా, గ్లాసు కాలిపోతోంది. నువ్వెలా పట్టుకున్నావు?"

"పొయ్యిల మధ్య తిరిగిన చేతులు. కాచిపోయాయి. వేలెలా ఉందని అడగవేం?"

"అడుగుదామనే... ఎలా ఉంది?"

"పై కణుపు పోయింది. మిగిలింది దివ్యంగా ఉంది."

"పిన్నీ..."

"మొహం అలా పెట్టకు. పోయింది నా వేలు, నీది కాదు. ఆ సంచిలో ఏమిటి, దొంగసొత్తులా ఒళ్ళో పెట్టుకున్నావు?"

"నీ కత్తి."

"ఇలా తే. గుడ్డ విప్పు. ఇదిగో, నా బంగారుతల్లి. ఈ పిడికి తాడు చుట్టింది నేనే, తెలుసా? కొత్తలో నాలుగు వేళ్ళ వెడల్పుండేది. సాన పట్టించగా పట్టించగా రెండు వేళ్ళకి వచ్చింది. నాలాగే చిక్కిపోయింది."

"నువ్వేం చిక్కలేదు."

"నోరు ముయ్యి. వాదర చూడనీ. ఊఁ... బాగుంది. వెంట్రుక పెడితే తెగుతుంది. ఎవరిచేత పట్టించావు?"

"ఇంకోసారి చూడు, పిన్నీ."

"చూశాగా. ముప్పై ఏళ్ళుగా పొద్దున్నే ఈ బొటనవేలు అంచుమీద పెట్టందే నేను ఉల్లిపాయ ముట్టుకున్నానా? ఈ వేలు చెప్పిందే వేదం."

"అయితే ఈ టమాటా కొయ్యి. నేను పట్టుకుంటా."

"ఇప్పుడెందుకే?"

"కొయ్యి, పిన్నీ."

"సరే, పట్టుకో. కదలకు... చూశావా, మగ్గిన కాయ తెచ్చావు. చితికిపోయింది."

"మగ్గలేదు. రాయిలా ఉంది. తోలు కూడా తెగలేదు. తెలిసే అంటున్నావు కదూ?"

"ఏం తెలిసి?"

"నా నోటితోనే చెప్పించాలని. పోనీలే, చెప్తాను. చెప్పడానికే వచ్చాను. ఈ కత్తికి ఎవరూ సాన పట్టలేదు. నీ వేలు తెగిన రోజు ఎలా ఉందో ఇప్పుడూ అలాగే ఉంది. కడిగి గూట్లో పెట్టాను, అంతే."

"ఊఁ."

"ఊఁ అనకు, భయమేస్తుంది. ముందురోజు సాయంత్రం నేనే... క్యాంటీన్ వెనక సిమెంటు మెట్టుంది చూడు, బొగ్గుల గది దగ్గర. దానిమీద వాదర రుద్దాను. అటు రెండుసార్లు, ఇటు రెండుసార్లు. చప్పుడవుతుంటే పక్కన కుళాయి విప్పాను."

"నువ్వా?"

"మర్నాడు పైనుంచి పెద్దవాళ్ళొచ్చి వంటిల్లు చూస్తారన్నారు కదా. నువ్వేమో అందరి ముందూ 'దీని చేతిలో కత్తికంటే గరిటె మేలు' అంటావు. రోజూ అంటావు. నవ్వుతూనే అంటావు, అయినా అంటావు. ఒక్కరోజు, ఒక్క పూట, నీ చెయ్యి కూడా వెనకపడితే చాలనుకున్నా. నువ్వు వాదర చూస్తావు, మొద్దుగా ఉందంటావు, కత్తులు సాన పట్టే ఆ సాన తాతకోసం కబురు పెడతావు, ఈలోగా పని ఆలస్యమవుతుంది. అంతవరకే అనుకున్నా. వేలు పోతుందనుకోలేదు. ఒట్టు, వేలనుకోలేదు."

"ఆ రోజు పొద్దున నేను వాదర చూశాను."

"చూశావు. నేను పక్కనే ఉన్నా. నువ్వేమో 'భేష్' అని గుమ్మడికాయ అందుకున్నావు. కత్తి తోలుమీద జారడం నేను చూశాను, పిన్నీ. అరుద్దామనుకున్నా. అరవలేదు."

"టీ చల్లారిపోతోంది."

"తర్వాత మేనేజరు కత్తి చూసి, ఇంత మొద్దుగా ఉందేమిటి, ఎవరు పట్టారని అడిగితే, సాన తాత పేరు చెప్పావు. అప్పుడనుకున్నా, నీకంతా తెలుసని. నన్ను కాపాడ్డానికే ఆయన పేరు చెప్పావని. అప్పణ్నించీ తల కొట్టేసినట్టుంది. నీ చోట నిలబడి తరిగొచ్చాక ముద్ద దిగట్లేదు."

"నిన్ను కాపాడ్డానికా."

"మరెవర్ని?"

"తాగు అంటుంటే."

"నిన్న గేటు దగ్గర కనిపించాడు తాత. సైకిలు పట్టుకుని నిలబడ్డాడు, లోపలికి రానివ్వరుగా. 'అమ్మా, ఆ కత్తి ఒక్కసారి చూపించు. తప్పు నా చక్రానిదో, నా చేతిదో చూసుకుంటా' అన్నాడు. ఎలా చూపించను? చూస్తే సిమెంటు గీతలని ఆయన కనిపెట్టడూ? కత్తి లేదు, పారేశారని చెప్పాను. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, అడక్కుండానే ఏవేవో చెప్పాను."

"ఆయనకి ఇంకా నాలుగు వంటిళ్ళున్నాయిలే."

"లేవు. మాట పాకింది. 'నా సానవల్ల ఒక ఆడమనిషి వేలు పోయింది' అనుకుంటూ ఎవరినీ పని అడగట్లేదు కూడా. చక్రం బేరం పెట్టాడు."

"చక్రమా? వాళ్ళ నాన్న ఇచ్చిన చక్రం."

"రేపు పొద్దున్నే మేనేజరు దగ్గరకెళ్ళి చెప్పేస్తాను. ఉద్యోగం పోతే పోనీ. ముందు నీకు చెప్పాలని వచ్చాను. తిట్టు, కొట్టు, ఏదో ఒకటి చెయ్యి."

"వద్దు."

"ఏం వద్దు?"

"మేనేజరు దగ్గరకి వెళ్ళొద్దు."

"ఇంకా నన్ను కాపాడతావేంటి పిన్నీ, నేను నీ వేలు తీసినదాన్ని."

"నిన్ను కాదే, పిచ్చిదానా. నువ్వు చెప్తే వాళ్ళు ఊరుకుంటారా? ఒక మాట అడుగుతారు. ఈ పిల్ల కత్తి మొద్దు చేసింది సరే, ముప్పై ఏళ్ళ పనిమంతురాలికి అది తెలియలేదా అని."

"అదే నాకూ అర్థం కాలేదు. నీకెందుకు తెలియలేదు?"

"తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాను నెల రోజులూ. నువ్వొక్కదానివే అనుకున్నావా?"

"నువ్వేం చేశావు?"

"తాత సాన పెట్టిన కత్తిని నేను కళ్ళతో చూసి పుచ్చుకున్నాను, ఆ వారమే. అద్దంలా ఉంది. ఆయన తప్పు లేదని నాకు తెలుసు. అయినా ఆయన పేరే నోటికొచ్చింది."

"ఎందుకు?"

"వీధి తలుపు దగ్గరగా వెయ్యి. ఇలా వచ్చి కూర్చో. రేపు నువ్వొక్కదానివే వెళ్తే సగమే చెప్పినట్టు. మిగతా సగం నేనొచ్చి చెప్పుకోవాలి. ముందు నీ దగ్గర చెప్పుకోనీ, నోరు అలవాటవుతుంది."

"చెప్పు."

"చెప్పడం కాదు. నా కుడి బొటనవేలు పట్టుకో. ఈ వేలే. గోరు దిగేలా గిల్లు."

"నేను గిల్లనమ్మా."

"గిల్లమన్నానా. కళ్ళు మూసుకుంటున్నాను. ఊఁ."

"..."

"ఏం, నీ తొందరంతా ఏమైంది? కానీ. గిల్లవే."

"గిల్లుతూనే ఉన్నాను, పిన్నీ."