గోపురం చూడలేని మూడు నెలలు

“అవ్వా, పోయినేడు గుడికి పూలు కట్టేది మానేసినావంట, ఎందుకు?”

నీకెవురు చెప్పినారు అమ్మీ, మీ అమ్మేనా? ఆమె నోట్లో నువ్వుగింజ నానదు. సరే, ఇట్ల కూసో, చెప్తా.

తిరుచానూరులో అమ్మవారికి నేను పూలు కట్టబట్టి నలబై ఏండ్లు. కాదు కాదు, మీ నాయన పుట్టకముందు నుంచే కదా, ఇంకా ఎక్కువే. అప్పుడు మల్లెలు మూర పావలా! దినామూ తలకాయ వంచుకోని అరటినారతో కట్టేదే పని. మాలలిచ్చేసి, బయటికొచ్చి, గోపురానికి దండం పెట్టుకోని ఇంటికొస్తా.

ఒకదినం దండం పెడదామని తలెత్తినాను సూడు, గోపురం గిర్రున తిరిగిపోయింది. గోడ పట్టుకోకుంటే పడుందును. మర్నాడూ అంతే. నా గుండె జారిపోయింది. ఎందుకంటావా? దేవుడి పూలు వాసన సూడకూడదు కదా. ముందుదినం సంపంగులొస్తే నేను పాపిష్టిదాన్ని, బుట్టలో ముక్కు పెట్టేసినా. అమ్మవారికి కోపమొచ్చింది, నా మొగం సూడొద్దంటాండాది అనుకున్నా. ఎవురికీ చెప్పకుండా గుడి పూలు మానేసినా. మూడు నెలలు ఏడుస్తానే ఉన్నా అమ్మీ. మెడా నొప్పి పెడతా ఉన్నింది, కానీ అది ఎప్పుడూ ఉండేదే, దాన్నెవురు లెక్కబెట్టినారు!

ఆఖరికి మీ అమ్మే కనిపెట్టి తిరుపతిలో ఒక డాక్టరమ్మ కాడికి ఈడ్చకపోయింది. బీపీ సూసింది, చెవులు సూసింది, నడిపించింది. “ఏం పని చేస్తావవ్వా?” అనింది. చెప్తే, మెడ ఎనక ఒకచోట ఒత్తింది. అబ్బా! నొప్పీ వచ్చింది, తలా తిరిగింది. మెడకండలు బిగుసుకోని, తల ఎటు తిరిగిందో మెదడుకు సరిగ్గా తెలీకుండా పోతాదంట, అందుకే అట్ల అవతాదంట.

“సంపంగి వాసన సూస్తే కాదా తల్లీ?” అని అడిగేసినా. పకపకా నగింది. “అట్లయితే తిరుపతిలో ఒక్కరూ నిలబడరవ్వా!” అనింది. ఎంత బరువు దిగిపోయిందో నా మీద నుంచి!

కాపడం పెట్టుకున్నా, ఆమె నేర్పించిన మెడ కసరత్తు చేసినా, పూల పీట ఎత్తు మీద పెట్టుకున్నా. కొన్నాళ్లకు మళ్లీ మాల కట్టి తీసకపోయినా. బయటికొచ్చి, నిదానంగా తలెత్తి, ఒక్కొక్క అంతస్తే సూస్తా పోయినా. కలశాల దాకా సూసినా. ఏమీ తిరగలా. “కోపం లేదామ్మా నీకు?” అంటా రోడ్డు మీదనే ఏడ్చేసినా.

నువ్వు నూరేండ్లు సల్లంగా ఉండు అమ్మీ. ఇట్ల తిరుగు, ఈ సంపంగి జడలో పెడతా. ఇది మనింటి చెట్టుదిలే, కడుపునిండా వాసన సూడు.