ఎదురింట్లో ప్రస్థానం

శుక్రవారం పదకొండు గంటలకు తాడేపల్లిగూడెంలో కారు గుమ్మం ముందు సిద్ధంగా నిలిచి ఉండగా, పంచాంగ సామ్రాజ్యానికి విధేయ సామంతుడైన నరసరాజు గారిని భార్య తులసి అడిగింది.

"నా బ్యాగేదండీ?"

"నీ ప్రయాణం నిన్ననే మొదలైంది తులసీ. శుక్రవారం పడమరకు వారశూల, బయలుదేరకూడదు. అందుకని గురువారమే మంచి ఘడియలో నీ బ్యాగు ఎదురింట్లో పెట్టించి ప్రస్థానం జరిపించాను."

"శంషాబాద్ నుంచి ఫ్రాంక్‌ఫర్ట్ ఏడు వేల కిలోమీటర్లండీ, తొమ్మిదిన్నర గంటలు. రేపు పొద్దున్న అక్కడి సభలో కొల్లేరు చేపల మీద మాట్లాడాలి. పాస్‌పోర్టు ఆ బ్యాగులోనే ఉంది!"

"ఇప్పుడే తెస్తానుండు."

ఆయన రాజఠీవితో వీధి దాటి, అదే ఠీవితో ఉత్త చేతులతో తిరిగి వచ్చారు.

"తాళం వేసుంది. ఫోన్ చేస్తే నిడదవోలు పెళ్ళిలో ఉన్నామన్నారు."

"నిడదవోలు తూర్పేగా, అటు శూల లేదు. కారులో వెళ్ళి తాళంచెవి తెండి."

"వెళ్తాను. పన్నెండింటి దాకా రాహుకాలం, అది దాటనీ."

తులసి విసురుగా లోపలికి వెళ్ళింది. వంటింట్లో పచ్చడిబండ ఎత్తిన చప్పుడు నరసరాజు గారికి స్పష్టంగా వినిపించింది.

"పక్కకు జరగండి. తాళం పగలగొట్టడానికి ఎవరూ ముహూర్తం పెట్టించుకోరు."