దాణా మాస్టరు పెంచిన దూడ

"గొప్ప చెప్పుకోవడం కాదుగానీ, దూడల పెంపకం అంటే ఈ చుట్టుపక్కల నా తర్వాతే ఎవరైనా. కాదన్నవాళ్లుంటే చెయ్యెత్తండి. చూశారా, ఒక్కరూ ఎత్తలేదు. బాబాయ్, నువ్వు గ్లాసు అందుకోడానికి ఎత్తావు, అది లెక్కలోకి రాదు. పోయిన ఏడాది మా డెయిరీలో ఒక పెయ్యదూడ పుట్టింది. ఇదిగో, నా తొడ దగ్గరకి, ఇంతే ఉంది. ఒళ్లంతా తడి, కాళ్లు వణుకుతున్నాయి. యజమాని దాన్ని నా చేతుల్లో పెట్టి, జాగ్రత్త అన్నాడు. నేనేమన్నానో తెలుసా? మీరు నిశ్చింతగా ఇంటికెళ్లండి అన్నాను."

పాలకేంద్రం ఎదురుగా ఉన్న రేకుల టీకొట్టు అది. మాట్లాడుతున్నవాడు డెయిరీలో దూడలకి మేత చూసేవాడు, అందరూ దాణా మాస్టరు అంటారు. వింటున్నవాళ్లు ముగ్గురే. టీ కాచే బాబాయి, పాల వ్యాను డ్రైవరు, ఒక్క ఆవుని పెట్టుకుని బతికే పిన్ని. పిన్ని టీ చల్లారిపోతున్నా పట్టించుకోకుండా వింటోంది.

"దూడ పుట్టగానే అందరూ ఏం చేస్తారు? ముర్రుపాలు పడతారు. నేను పట్టలేదు. ఎందుకు పట్టలేదన్నది వేరే సంగతి, దాన్ని వదిలేద్దాం."

"ఎందుకు వదిలెయ్యడం? ఆ పొద్దున నువ్విక్కడే కదా కూర్చున్నావు," అన్నాడు బాబాయి. "ఎద్దుని ఒంటిచేత్తో ఆపిన కథ చెప్పావు. రెండుసార్లు."

"చెప్పుంటాను. నీ పాలు పొంగుతున్నాయి, అటు చూసుకో బాబాయ్. ఎక్కడున్నాను? ఆఁ, దూడ పొట్ట. అందులో కంటికి కనపడని సూక్ష్మజీవులుంటాయి. మొదటి రోజుల్లో మనం ఏం పెడితే దానికి తగ్గవే వచ్చి కాపురం పెడతాయి. ఇది డాక్టరుగారు చెప్పిందే, నా సొంతం కాదు. నా సొంతం ఏంటంటే, పాలు తాగి పడుకునే సోమరిపోతులు నాకెందుకు, మొదటి నుంచే పనిమంతుల్ని దింపుదామని, మూడో రోజునే మొక్కజొన్న పిండీ తవుడూ గోరువెచ్చగా కలిపి దాని నోట్లో పెట్టేశాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా? వారం తిరిగేసరికి నా ఛాతీ దాకా వచ్చింది."

"వారానికా?" అన్నాడు డ్రైవరు.

"సరే, ఎనిమిది రోజులనుకో, అబద్ధం ఎందుకు చెప్పాలి? పదిహేనో రోజుకి నా తల దాటింది. డాక్టరుగారు దాని పొట్ట మీద గొట్టం పెట్టి విని, చటుక్కున వెనక్కి జరిగాడు. లోపల సంత జరుగుతున్నట్టు ఒకటే గోలట. జీవులన్నీ షిఫ్టులు వేసుకుని పనిచేస్తున్నాయి, పిండి అరిగించేవి ఒక షిఫ్టు, తవుడు అరిగించేవి ఒక షిఫ్టు. షిఫ్టు మారినప్పుడల్లా దూడ తేన్చేది. ఒక తేన్పుకి షెడ్డు రేకు లేచి రోడ్డవతల పడింది. నెల తిరిగేసరికి గడ్డివాము తినేసి, దాన్ని కట్టిన తాడు తినేసి, ఇంకేముందన్నట్టు నా వైపు చూసేది. వీపు రుద్దాలంటే నిచ్చెన వెయ్యాల్సిందే. ఎత్తెంతంటారా? ఉండండి, కింద నుంచి చూపిస్తే మీకు అర్థం కాదు."

బెంచీ ఎక్కాడు. మునివేళ్ల మీద లేచి పైరేకుని అరచేత్తో తట్టాడు.

"ఇదిగో, ఇక్కడికి. కొమ్ములు కాకుండా."

డ్రైవరుకి టీ పొలమారింది. అంత దూడ ఉంటే ఎవరికీ ఎప్పుడూ చూపించలేదేం అని బాబాయి అడిగాడు. జనం ఎగబడతారని షెడ్డు వెనకాల కట్టేశానని మాస్టరు చెప్పాడు. పిన్ని ఒక్కతే నవ్వలేదు.

"అయితే నిన్ను అడుగుదామని వచ్చి మంచిపనే చేశాను అబ్బాయ్," అంది. "మా ఆవు తెల్లారగట్ల ఈనింది. దూడ సరిగ్గా నిలబడలేకపోతోంది, తల్లేమో తన్నుతోంది. ముర్రుపాలు పితికి సీసాతో పడదామా అనుకుంటూనే, తెలిసినవాడివి నువ్వున్నావు కదా అని ఇటొచ్చాను. నువ్వు చెప్పినట్టే చేస్తాను. ఆ పిండి ఎంత కలపాలి? మాకున్నది ఆ ఒక్క ఆవే. రేపు దాని చోట్లో నిలబడాల్సింది ఈ పెయ్యే."

మాస్టరు చెయ్యి రేకు మీద అలాగే ఉండిపోయింది.

"ఎన్నింటికి ఈనింది పిన్నీ?"

"ఐదింటికి."

టీకొట్టు గడియారంలో ఎనిమిది కావస్తోంది. మాస్టరు చెయ్యి దించి, బెంచీ దిగాడు.

"పిండి వద్దు పిన్నీ. ఏమీ కలపొద్దు. ఇప్పుడే వెళ్లి ముర్రుపాలు పట్టు, ఇంకా మించిపోలేదు." ఎవరి వైపూ చూడకుండా చెప్పాడు. "ఆ పొద్దున నేనిక్కడ కోతలు కోస్తూ కూర్చున్నాను. తిరిగి వెళ్లేసరికి మధ్యాహ్నం దాటింది. నేనొచ్చి పడతానని పితికి ఉంచిన ముర్రుపాలు బకెట్లోనే విరిగిపోయాయి. దూడ గోడని నాకుతోంది. ఆ పాలు పారబోసి, పట్టేశానని యజమానితో చెప్పాను. నీరసంగా కనపడితే నా తప్పు బయటపడుతుందని, తొందరగా బొద్దెక్కాలని, మూడో రోజే పిండి పోశాను. పాలు తప్ప ఏదీ అరగని పొట్ట అది. ఉబ్బింది, ఇరవై రోజులు పారుకుంది. ఏం పెట్టావని డాక్టరుగారు అడిగితే పాలే అన్నాను. ఆయన నా మాట నమ్మి ఇంకేదో జబ్బుకి మందిచ్చాడు. సిగ్గుతో ఏడాదిగా ఎవరికీ చెప్పుకోలేదు."

బాబాయి స్టౌ తగ్గించాడు. పిన్ని లేచి కొంగు దోపుకుంది.

"నడు. దూడ తల నువ్వు పట్టుకుందువుగాని, నా ఒక్కదాని వల్ల కాదు."

మాస్టరు తలొంచుకుని ఆమె వెనకాలే బయల్దేరాడు. నాలుగడుగులు వేశాక డ్రైవరు పిలిచాడు. ఈసారి గొంతులో వెటకారం లేదు.

"మాస్టరూ, నిజంగా ఎంతుంటుంది అది?"

మాస్టరు ఆగాడు. పుట్టినప్పటి ఎత్తు చూపించిన చోటే, తొడ దగ్గర చెయ్యి పెట్టాడు. దాన్ని కాస్త పైకి జరిపాడు.

"జానెడు పెరిగింది. ఏడాదికి జానెడు. ఇప్పటికీ నేను కనపడితే, పాలు తెచ్చాననుకుని లేచి నిలబడుతుంది."